సొంతదాన్ని తింటేనే ‘కానిబలైజ్’ అనాలా?

అనువాదాల బల్ల:

ఒక వాణిజ్య పత్రికకు ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు చేసే పని నాది. గత నెలలో ఒకే వ్యాసంలో ‘కానిబలైజ్’ అనే క్రియ మూడు చోట్ల మూడు రకాలుగా ఎదురైంది. మొదటి చోట ఒక సంస్థ కొత్తగా తెచ్చిన చవక ఫోను అదే సంస్థ అమ్ముతున్న ఖరీదైన ఫోను అమ్మకాలను కానిబలైజ్ చేస్తోందని ఉంది. రెండవ చోట ఇంటర్నెట్ దుకాణాలు వీధిలోని పుస్తకాల షాపులను కానిబలైజ్ చేశాయని ఉంది. మూడవ చోట విడిభాగాలు దొరకని ఒక విమాన సంస్థ రెండు విమానాలను కానిబలైజ్ చేసి మూడవదాన్ని ఎగిరించిందని ఉంది. తొందరలో నేను యంత్రానువాదానికి అప్పగించిన చిత్తుప్రతిలో కొత్త ఫోను పాత ఫోనును ‘నరభక్షణ’ చేసింది. అది నా కంటబడకుండానే ప్రూఫు దాకా వెళ్లింది. ఆ తప్పు పూర్తిగా నాదే కాబట్టి దాని గురించి ఇక్కడ వాపోవడం లేదు.

నా సందేహం మూలంలోని మాట గురించే. మొదటి, మూడవ వాక్యాలు సరైనవని, రెండవది తప్పని నా అభిప్రాయం. కానిబల్ అంటే తన జాతివాణ్ణే తినేవాడు. పులి మేకను తింటే ఆ మాట ఎవరూ అనరు. ఇంటర్నెట్ దుకాణం పుస్తకాల షాపును దెబ్బతీయడం పోటీయే తప్ప, తనవాణ్ణి తాను తినడం కాదు. ఆ షరతు తీసేస్తే ఈ క్రియకు ‘మింగేయడం’ అన్నదానికి మించిన అర్థమేదీ మిగలదు. మీరు దీన్ని అంగీకరిస్తారా? అంగీకరిస్తే, మూలంలోని తప్పును అనువాదంలో సరిదిద్దవచ్చునా?


నిఘంటువు పురుగు:

నేను అంగీకరించను. ఒక మాట ఎక్కడ పుట్టిందో చూసి అది ఎంతవరకు నడవాలో శాసించడం భాషలో ఎన్నడూ చెల్లలేదు. నూనె అంటే పుట్టుకలో నువ్వుల నెయ్యి, అయినా మనం కొబ్బరి నూనె అంటాము, వేరుశనగ నూనె అంటాము, ఆఖరికి బండికి పోసేదాన్ని కూడా మిషను నూనె అంటాము. తిలల నుంచి వచ్చింది కాబట్టే అది తైలం అయింది, అయినా ఆముదపు తైలం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అటువంటప్పుడు ఇంగ్లీషువాళ్ల కానిబలైజ్ మాత్రం ‘తన జాతివాడు’ అనే షరతును ఎందుకు మోస్తూ తిరగాలి?

పైగా ఈ మాటకు మొదటి నుంచీ నిలకడ లేదు. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో తిరుగుతూ, పొరుగు దీవులవారు భయపడే ఒక జనం పేరు విని దాన్ని ‘కనిబ’ అని రాసుకున్నాడు. తాను ఆసియాకు చేరాననే భ్రమలో ఉన్నాడు కాబట్టి, వీరు చైనాను ఏలే మహాఖానుడి మనుషులై ఉంటారని కూడా ఊహించాడు. ఆ విధంగా ఒక జనం పేరు స్పానిషులో మనుషులను తినేవారికి పేరుగా స్థిరపడింది. ‘కరీబియన్’ అనే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చింది. అంటే ‘జాతి’ అనే షరతును మీరు వెతుకుతున్న చోట అసలు ఉన్నది ఒక అపార్థం. ఆ పేరుకు ‘ఐజ్’ అనే తోక తగిలించి క్రియ చేసుకున్న తర్వాత, యంత్రాల విడిభాగాల అర్థం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లలో సైన్యం నుంచి వచ్చింది. అమ్మకాల అర్థం ఆ తర్వాతిది. ఇప్పుడు వెబ్‌సైట్లు నడిపేవారు ఒకే సైటులోని రెండు పేజీలు ఒకే శోధన పదం కోసం పోటీపడితే దాన్ని కూడా కీవర్డ్ కానిబలైజేషన్ అంటున్నారు. ఇంత దూరం నడిచిన మాటను ఇక్కడ ఆగమని చెప్పడానికి మనమెవరము?


పాత హ్యాంగరు:

నేను విమానాల నిర్వహణలో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మూడవ వాక్యం నా ఇంటి సంగతి కాబట్టి అక్కడి మాట చెబుతాను. విమానాలను నిలిపి మరమ్మతు చేసే షెడ్డును హ్యాంగరు అంటాము. హ్యాంగరులో ఇది అలంకారం కాదు. రిజిస్టరులో ఒక గడి పేరు అది. ‘ఫలానా నంబరు విమానం నుంచి కానిబలైజ్ చేశాము’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తాము. తెలుగువాళ్లం ఇద్దరం మాట్లాడుకునేటప్పుడు కూడా ‘దాన్లోది విప్పి దీనికి వేశాం’ అనేవాళ్లం గానీ తినడం ప్రసక్తి ఎప్పుడూ తెచ్చేవాళ్లం కాదు.

బయటివారికి తెలియని విషయం ఒకటుంది. ఇది పొదుపు పనిగా కనిపిస్తుంది గానీ నిజానికి రెట్టింపు పని. మామూలుగా ఒక పంపు చెడిపోతే చెడినదాన్ని విప్పుతాము, స్టోర్స్ నుంచి వచ్చిన కొత్తదాన్ని బిగిస్తాము. కానిబలైజ్ చేసినప్పుడు మొదటి విమానంలో చెడినదాన్ని విప్పాలి, రెండవ విమానంలో బాగున్నదాన్ని విప్పాలి, దాన్ని తెచ్చి మొదటిదానికి బిగించాలి, కొత్తది వచ్చాక రెండవదానికి బిగించాలి. రెండు పనులు నాలుగవుతాయి. బాగున్న పంపును విప్పేటప్పుడు దాని చుట్టుపక్కల గొట్టాలకు, తీగలకు దెబ్బ తగిలే ప్రమాదం అదనం. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ 2001లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1996 నుంచి 2000 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో అక్కడి నౌకాదళం, వైమానిక దళం కలిసి సుమారు 8,50,000 సార్లు ఈ పని చేశాయి. అందుకు అదనంగా పట్టిన పని గంటలు సుమారు 53 లక్షలు. బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం కూడా 2017లో తమ రాయల్ నేవీలోని కానిబలైజేషన్ మీదనే ప్రత్యేకంగా ఒక నివేదిక వెలువరించింది. ప్రభుత్వ నివేదికల శీర్షికల్లోకి ఎక్కిన మాటను రక్తసిక్తమైన ఉపమానంగా అనువదిస్తే మా హ్యాంగరులో నవ్వుతారు.


ఆటోనగర్ వాసి:

హ్యాంగరు గారికి ఒక ప్రశ్న. మా విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలను కొని, విప్పి, గేర్‌బాక్సు ఒకరికి, యాక్సిల్ ఒకరికి, క్యాబిను ఇంకొకరికి అమ్మేవారు ఉన్నారు. ఆ సామాను బిగించుకున్న లారీలు మళ్లీ రోడ్డెక్కుతాయి. మీ లెక్క ప్రకారం ఇది కూడా కానిబలైజ్ చేయడమేనా?


పాత హ్యాంగరు:

కాదండి. మీ దగ్గర విప్పేది తుక్కు కింద లెక్కతేలిన బండిని. దానికి తిరిగి నడవాలనే ఆశ లేదు, నడిపించాలనే బాధ్యత ఎవరికీ లేదు. మా దగ్గర భాగాన్ని ఇచ్చిన విమానం కాగితాల మీద ఇంకా బతికే ఉంటుంది. అది రేపు ఎగరాలి, దాని కోసం ఆర్డరు పెట్టిన పంపు దారిలో ఉంటుంది. ఒక్కొక్కసారి ఆ పంపు వచ్చేలోపే ఇంకో నాలుగు భాగాలు పోతాయి. అలా నెలల తరబడి నేలకే అతుక్కుపోయిన విమానాన్ని అమెరికన్ సిబ్బంది ‘హ్యాంగర్ క్వీన్’ అని వెక్కిరిస్తారు. పేరుకు రాణి, ఒంటి మీద నగ ఒక్కటీ ఉండదు.

ఇదే కారణంతో, 1989 మేలో శుక్రగ్రహానికి బయలుదేరిన మెజెల్లన్ నౌకను కూడా నేను ఈ కోవలో చేర్చను. దాని పెద్ద యాంటెన్నా వాయేజర్ కార్యక్రమంలో మిగిలిన విడిభాగం, కంప్యూటరు గెలీలియో కార్యక్రమంలో మిగిలినది. అవి అల్మారాలో ఉన్న అదనపు సామాను. వాటిని తీసుకున్నందువల్ల ఏ వాయేజరూ కుంటుపడలేదు. కాబట్టి మొదటి టపా రాసినవారికి నేను చెప్పేది ఏమిటంటే, షరతు ఉన్న మాట నిజమే గానీ అది ‘ఒకే జాతి’ అన్నది ఒక్కటే కాదు. ఇచ్చినదానికి బతికే హక్కు మిగిలి ఉండాలి.


నిఘంటువు పురుగు:

హ్యాంగరు గారి షరతు నాకు నచ్చింది, అయితే దానికి అనుకోని చోట ఒక సాక్ష్యం దొరుకుతుంది. అపరాధ పరిశోధన నవలల రచయిత రేమండ్ చాండ్లర్ తాను పత్రికలకు రాసిన పొడవైన కథలను విడదీసి, పాత్రలను కలిపి, సన్నివేశాలను అతికి 1939లో తన మొదటి నవలను తయారు చేశాడు. ఆ పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కానిబలైజింగే. అలా నవలల్లోకి వెళ్లిపోయిన కథలను తన సంకలనాల్లో తిరిగి చేర్చడానికి ఆయన ఇష్టపడలేదు. ఆయన 1959లో మరణించాక, 1964లో గానీ అవి పుస్తకంగా రాలేదు. అవి అంతకుముందు అచ్చయి, పాఠకులు చదివిన పూర్తి కథలు. అంటే బతికి ఉన్నవే. వాటి నుంచి భాగాలు తీశాక ఆయన వాటిని హ్యాంగరులోనే ఉంచేశాడు. ఇది మీ రిజిస్టరుకు సరిగ్గా సరిపోతుంది.

అయినా ఇది మీ ఇద్దరి వాదాన్నీ నిలబెట్టదు. ఖగోళ శాస్త్రవేత్తలు 1970ల నుంచి గెలాక్టిక్ కానిబలిజం అంటున్నారు. మన పాలపుంత తన పక్కనున్న ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీని చీల్చి తనలో కలుపుకుంటోంది. ఆ చిన్న గెలాక్సీని 1994లో గుర్తించేనాటికే అది సాగిపోయి, చెదిరిపోయి ఉంది. సూర్యుడి నుంచి వెలువడిన ఒక ప్లాస్మా మేఘాన్ని వెనుక నుంచి వేగంగా వచ్చిన మరొకటి అందుకుని తనలో కలుపుకుంటే దాన్ని కానిబల్ సీఎమ్ఈ అంటారు (సీఎమ్ఈ అంటే ఆ ప్లాస్మా మేఘమే). 2024 మే నెలలో, 2003 తర్వాత మొదటిసారిగా అత్యంత తీవ్ర శ్రేణి భూ అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు ఆ పేరు పత్రికలన్నింటిలో కనిపించింది. అక్కడ యజమాని లేడు, బాధ్యత లేదు, బతికే హక్కు లేదు. పెద్దది చిన్నదాన్ని, వేగమైనది నెమ్మదైనదాన్ని తనలో కలుపుకోవడమే ఉంది.


లెక్కల పద్దు:

నేను ఒక వినియోగ వస్తువుల సంస్థలో ధరల విభాగంలో పనిచేస్తున్నాను. మా రంగంలో ఈ మాటకు లెక్క ఉంది, అందువల్ల దాని అర్థం విషయంలో మేము పట్టుదలగానే ఉంటాము.

పాత సబ్బు మీద ఒక్కొక్క బిళ్లకు 3 రూపాయల లాభం, కొత్త సబ్బు మీద 2 రూపాయల లాభం వస్తుందనుకోండి. కొత్త సబ్బు 100 బిళ్లలు అమ్ముడైతే అందులో 40 మన పాత సబ్బును వదిలి వచ్చినవారు కొన్నవే అనుకోండి. అప్పుడు కానిబలైజేషన్ రేటు 40 శాతం. కొత్తదాని మీద వచ్చింది 200 రూపాయలు, పాతదాని మీద పోయింది 120 రూపాయలు, నికరంగా మిగిలింది 80 రూపాయలు. ఆ రేటు మూడింట రెండు వంతులు దాటితే, అంటే సుమారు 67 బిళ్లలు మనవాళ్లే కొంటే, కొత్త సబ్బు ఎంత బాగా అమ్ముడైనా సంస్థకు నష్టమే. ఈ లెక్కలో పక్క కంపెనీ నుంచి వచ్చిన 60 మంది ‘కానిబలైజ్’ గడిలోకి రారు. వారు వచ్చినందుకు మనం సంతోషిస్తాము. ఆర్థిక శాస్త్రంలో ఆ రెండవ పనికి ‘బిజినెస్ స్టీలింగ్’ అనే వేరే పేరే ఉంది. దొంగిలించడం పక్కింట్లో జరుగుతుంది, కానిబలైజ్ చేయడం మన ఇంట్లో జరుగుతుంది. ఈ తేడా పోతే లెక్కే పోతుంది.

ఇందులో ఒక పెద్ద వాదం కూడా ఇమిడి ఉంది. ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1962లో ఒక మాట చూపించాడు. గుత్తాధిపత్యం ఉన్న సంస్థకు కొత్త ఆవిష్కరణ మీద ఉత్సాహం తక్కువగా ఉంటుంది, ఎందుకంటే కొత్త లాభం దాని పాత లాభానికి తోడుగా కాక బదులుగా వస్తుంది. బయటినుంచి వచ్చేవాడికి పోగొట్టుకునే పాత లాభమే లేదు. కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో డిజిటల్ కెమెరా తయారు చేసినా, ఫిల్ము లాభాలను తానే దెబ్బతీసుకోవడానికి సంస్థ వెనకాడిందని, అందుకే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చిందని మా రంగంలో పాఠంలాగా చెబుతారు. ఆ పాఠం కొంచెం అతి సరళమైనదని నా అనుమానం, ఎందుకంటే 2000ల మధ్యలో అమెరికా డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో కొడాక్ ముందువరుసలోనే ఉంది. అయితే కెమెరాల్లో లాభం సన్నగా ఉండేది, పైగా ఆ కెమెరాలను కూడా ఫోన్లు మింగేశాయి. దానికి ఎదురుగా ఆపిల్‌ను చూపిస్తారు. 2007లో ఐఫోను వచ్చాక ఐపాడ్ అమ్మకాలు 2008లో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చాయి. 2022 మేలో చివరి ఐపాడ్‌ను కూడా ఆపేశారు. ఐపాడ్‌ను చంపింది పొరుగువాడు కాదు. అందుకే దాన్ని కానిబలైజ్ చేయడం అంటాము. కొడాక్ ఫిల్మును చంపింది ఇతరుల కెమెరాలు, ఇతరుల ఫోన్లు కాబట్టి దాన్ని అలా అనము.

కాబట్టి మీ రెండవ వాక్యం తప్పే. పుస్తకాల షాపు, ఇంటర్నెట్ దుకాణం ఒకే యజమానివి అయితే తప్ప.


నిఘంటువు పురుగు:

పద్దు గారూ, మీ లెక్క నిర్దుష్టమైనది. అయితే మీరే గమనించకుండా షరతును మార్చేశారు. కానిబల్ తినేది తన జాతివాణ్ణి, తన ఇంటివాణ్ణే కానక్కరలేదు. కొలంబస్ విన్న కథల్లో ఆ జనం తిన్నది కూడా పొరుగు దీవివారినే. మీ రంగం ‘ఒకే జాతి’ అనే షరతును తీసి ‘ఒకే యజమాని’ అనే షరతును పెట్టింది. సబ్బు సబ్బును తింటే జాతి షరతు తీరుతుంది గానీ, పక్క కంపెనీ సబ్బు అయితే మీరు ఒప్పుకోరు. ఖగోళ శాస్త్రవేత్తలు పాత షరతును నిలుపుకున్నారు. గెలాక్సీ గెలాక్సీనే తింటుంది, యజమాని ప్రశ్నే లేదు. ఆ పాత షరతుతో చూస్తే ఇంటర్నెట్ పుస్తకాల దుకాణం వీధి పుస్తకాల దుకాణాన్ని తినడం అచ్చమైన కానిబలిజం. రెండూ పుస్తకాల దుకాణాలే కదా! అంటే రెండవ వాక్యం మూలార్థంలో ఒప్పు, మీ అర్థంలో తప్పు. మొదటి టపా రాసినవారు మూలార్థాన్ని చూపించి మీ అర్థాన్ని సమర్థించారు.


అనువాదాల బల్ల:

ఈ దెబ్బ నాకు తగిలింది. జాతిని, ఇంటిని నేను కలిపేశాను. పులి, మేక ఉదాహరణ జాతి గురించినది, దాన్ని తెచ్చి యజమాని గురించిన వాదానికి ఆసరాగా పెట్టాను. ఇప్పుడు నా ప్రశ్నను మార్చుకుంటాను. వాణిజ్య వ్యాసం చదివే పాఠకుడు ఏ షరతును ఆశిస్తాడు? ఆ వ్యాసంలోనే మొదటి వాక్యం యజమాని షరతుతో ఉన్నప్పుడు, రెండు పేరాల తర్వాత అదే క్రియను ఆ షరతు లేకుండా వాడటం రచయిత అజాగ్రత్త కాదా?


లెక్కల పద్దు:

అజాగ్రత్తే. దీనివల్ల నిజమైన గందరగోళం వస్తుంది. ‘ఇంటర్నెట్ అమ్మకాలు షాపు అమ్మకాలను కానిబలైజ్ చేశాయి’ అనే వాక్యం ఒక సంస్థ వార్షిక నివేదికలో ఉంటే, సొంత వెబ్‌సైటు సొంత షాపులను దెబ్బతీసిందని అర్థం. అదే వాక్యం పత్రికలో ఉంటే పరాయి వెబ్‌సైటు కూడా కావచ్చు. వాటాదారుడికి ఈ రెండింటి మధ్య తేడా డబ్బుతో కూడినది.


వ్యాకరణం మాస్టారు:

అందరూ తినబోయేదాని గురించే వాదిస్తున్నారు. తినేవాడు వాక్యంలో ఎక్కడ ఉన్నాడో ఎవరూ చూడలేదు. నాకు ఈ క్రియలో ఆసక్తికరంగా తోచినది అదే.

మొదటి వాక్యం చూడండి. ‘చవక ఫోను ఖరీదైన ఫోను అమ్మకాలను కానిబలైజ్ చేసింది.’ కర్త చవక ఫోను, తిన్నదీ చవక ఫోనే. ఇక్కడ కర్తా, తినేవాడూ ఒకరే. గెలాక్సీల వాక్యంలోనూ అంతే. మూడవ వాక్యం చూడండి. ‘విమాన సంస్థ రెండు విమానాలను కానిబలైజ్ చేసింది.’ కర్త విమాన సంస్థ. అయితే తిన్నది సంస్థ కాదు, మూడవ విమానం. ఆ మూడవ విమానం పేరు వాక్యంలో లేకపోయినా వాక్యం పూర్తవుతుంది. అంటే ఈ వాక్యంలో కర్త తినేవాడు కాడు, వండి వడ్డించేవాడు. మన భాషలో దీనికి ప్రేరణార్థకం సిద్ధంగా ఉంది: ‘తిను’ ఒకటి, ‘తినిపించు’ మరొకటి. ఇంగ్లీషువాడు రెండింటికీ ఒకే రూపాన్ని వాడటం వల్ల పైకి ఒక క్రియలా కనిపిస్తోంది గానీ, నా దృష్టిలో అవి రెండు క్రియలు. హ్యాంగరు గారికి ఈ మాటలో రక్తం కనిపించకపోవడానికి కారణం కూడా ఇదేనని నా ఊహ, ఎందుకంటే ఆయన వాక్యంలో కోరలున్నవాడు తెర వెనుక ఉంటాడు, తెర ముందు స్పానర్ పట్టుకున్న మనిషి మాత్రమే ఉంటాడు.

చాండ్లర్ వాక్యం ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పాత కథలను విప్పినవాడూ ఆయనే, వాటిని తిన్న నవలా ఆయనదే. ఆకలితో ఉన్న శరీరం తన కండనే కానిబలైజ్ చేసుకుంటుందని వైద్యులు అనే వాక్యం ఇంకో అంచున ఉంటుంది. అక్కడ మొత్తం తన భాగాన్ని తింటుంది. కణం స్థాయిలో అదే పనికి 1963లో క్రిస్టియన్ డి దువ్ అనే శాస్త్రవేత్త ఆటోఫజీ, అంటే తనను తాను తినడం, అని గ్రీకు మాటలతో పేరు పెట్టాడు. దాని మీద చేసిన పరిశోధనకు యొషినోరి ఒసూమికి 2016లో నోబెల్ వచ్చింది. విచిత్రం ఏమిటంటే అక్కడ అది రోగం కాదు, ఆరోగ్య లక్షణం. పాడైన భాగాలను కరిగించి కణం వాటినే మళ్లీ వాడుకుంటుంది. హ్యాంగరు గారి రిజిస్టరు కన్నా ఎంతో పొదుపైన పద్ధతి.

నా నిర్ణయం ఇది. ఈ క్రియకు తెలుగులో ఒకే మాట వెతకడం వ్యర్థం. తినడం ఒకచోట, తినిపించడం ఒకచోట, తనను తాను తినడం ఒకచోట ఉన్నాయి.


దీవుల చరిత్ర:

ఇంత చర్చలో ఆ పేరుగల జనం సంగతి ఒక్క వాక్యంతో దాటిపోయింది. కొలంబస్ విన్న కథ కథగా మిగిలిపోలేదు. 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం, కానిబల్ అని ముద్రపడిన జనాన్ని పట్టి బానిసలుగా అమ్మవచ్చు. ఇతర దీవుల జనానికి ఉన్న పాటి రక్షణ కూడా వీరికి లేదు. అందువల్ల ఏ దీవి మీద దాడి చేయాలనుకుంటే ఆ దీవివారిని కానిబల్స్ అనడం లాభసాటి అయింది. ఆ జనం తమను తాము కలినాగో అని పిలుచుకుంటారు. డొమినికా దేశంలో వారి ప్రాంతానికి ఉన్న ‘కరీబ్’ అనే పేరును 2015లో అధికారికంగా కలినాగో ప్రాంతంగా మార్చారు. వారు నరమాంసం తిన్నారా లేదా అన్నది పండితుల వివాదం. దాని మీదనే 1979లో విలియం ఆరెన్స్ అనే మానవ శాస్త్రవేత్త పెద్ద దుమారం లేపాడు. అయితే సబ్బుల లెక్కకు ఒక జనం పేరును వాడుతున్నామనే ఎరుక అనువాదకుడికైనా ఉండాలని నా మనవి. తెలుగులోకి ఆ పేరును తెచ్చుకోవలసిన అవసరం లేకపోవడం మన అదృష్టం.


నిఘంటువు పురుగు:

మీరు చెప్పిన చరిత్రను కాదనను. అయితే ఇంగ్లీషు వాడేవారి చెవికి ఈ క్రియలో ఆ జనం వినిపించడం లేదు, మన పందికొక్కు వారి నోట బాండికూట్ అయ్యాక అందులో పంది గానీ కొక్కు గానీ వారికి వినిపించనట్టే. తెలుగులో మాత్రం మీ మాట నాకు సమ్మతమే. మనకు వేరే దారులున్నప్పుడు ఆ పేరును అరువు తేనక్కరలేదు.


సామెతల మూట:

వేరే దారులు అన్నారు కాబట్టి నా మూట విప్పుతాను. పత్రికలవారు మొదట పట్టుకునేది ‘కంచే చేను మేసినట్టు’. అది ఇక్కడ సరిపోదు. కంచెకు కాపలా బాధ్యత ఉంది, మేయడం ద్రోహం. చవక ఫోనుకు ఖరీదైన ఫోనును కాపాడే బాధ్యత ఎవరూ అప్పగించలేదు. ‘మత్స్య న్యాయం’ జాతి షరతును చక్కగా తీరుస్తుంది, చేప చేపనే తింటుంది. అయితే అందులో పెద్దది చిన్నదాన్ని తినాలి. గెలాక్సీలకు అది అతికినట్టు సరిపోతుంది. సబ్బులకు, ఫోన్లకు తరచుగా చిన్నదే పెద్దదాన్ని తింటుంది కాబట్టి అక్కడ తలకిందులవుతుంది. ‘భస్మాసుర హస్తం’ అంటే నాశనం ఖాయం, పద్దు గారి లెక్కలో 40 శాతం దగ్గర లాభమే మిగిలింది. హ్యాంగరు గారి పనికి ‘గోవును చంపి చెప్పులు దానం చేసినట్టు’ అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆయన గోవు రేపు మళ్లీ లేవాలి.

సామెతలు పక్కన పెడితే, వాడుకలో ఉన్న జాతీయాలు మెరుగ్గా పనిచేస్తాయి. ‘అమ్మకాలకు గండి కొట్టడం’ అందరికీ తెలిసినది. గండి పడేది మన చెరువుకే గానీ కొట్టేవాడు పరాయివాడు కూడా కావచ్చు, కాబట్టి యజమాని షరతు కావాలంటే ‘సొంత’ అనే మాటను చేర్చుకోవాలి. ‘ఒకరి నోరు కొట్టి ఒకరికి పెట్టడం’ అనేది మాస్టారు గారి వడ్డించేవాడికి దగ్గరగా ఉంటుంది. అక్కడ కర్త తినడు, ఒక నోటి దగ్గరిది తీసి ఇంకో నోటికి అందిస్తాడు. నోరు పోయినవాడు బతికే ఉంటాడు, ఆకలితో. హ్యాంగరు గారు అడిగిన షరతు కూడా ఇందులో తీరుతుంది.


పాత హ్యాంగరు:

‘నోరు కొట్టి పెట్టడం’ అర్థంలో సరిగ్గా ఉంది, ఒప్పుకుంటాను. అయితే దాన్ని రిజిస్టరులో రాయలేను. అందులో నింద ఉంది. రాత్రి రెండు గంటలకు, ఉదయం ఆరు గంటల విమానం కోసం, పై అధికారి అనుమతితో చేసే పని అది. చేసినవాడి మీద నింద పడకూడదు.


అనువాదాల బల్ల:

అందరికీ కృతజ్ఞతలు. పత్రికకు సవరణగా పంపడానికి నేను రాసుకున్నవి ఇవి. మొదటి వాక్యం: ‘కొత్త చవక ఫోను సంస్థ సొంత ఖరీదైన ఫోను అమ్మకాలకే గండి కొడుతోంది.’ ఇక్కడ ‘సొంత’, ‘కే’ కలిసి పద్దు గారి షరతును మోస్తాయి. రెండవ వాక్యం: ‘ఇంటర్నెట్ దుకాణాలు వీధి పుస్తకాల షాపుల వ్యాపారాన్ని లాక్కున్నాయి.’ మూలంలోని క్రియను నేను సరిదిద్దలేదు. ఆ వాక్యంలో రచయిత ఏ షరతునూ ఉద్దేశించలేదని నిర్ణయించుకుని, ఉద్దేశించినదాన్నే రాశాను. పురుగు గారు దీన్ని సరిదిద్దడమే అంటారని తెలుసు.

మూడవ వాక్యాన్ని ‘రెండు విమానాల నుంచి భాగాలు విప్పి మూడవదానికి బిగించి ఎగిరించారు’ అని రాశాను. సంపాదకులు దాన్ని వెనక్కి పంపారు. ‘విప్పిన ఆ రెండు విమానాలు ఏమయ్యాయి? తుక్కయ్యాయా, మళ్లీ ఎగురుతాయా?’ అని పాఠకుడు అడుగుతాడట. ఇంగ్లీషు మాట ఆ జవాబును లోపలే దాచుకుందని ఈ చర్చ తర్వాత నాకు తెలుసు. నా తెలుగు వాక్యం దాన్ని చెప్పలేకపోయింది.


పాత హ్యాంగరు:

‘తాత్కాలికంగా విప్పి’ అని రాసి చూడండి. మా దగ్గర ఆ తాత్కాలికం ఒకసారి పదకొండు నెలలు నడిచింది, అయినా రిజిస్టరులో అదే మాట ఉండేది.